హెడ్ కోచ్ ఇంకా ఎదుగుతాడా? అంచనా వేసే పద్ధతి

అమెరికా యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఒక హెడ్ కోచ్ ఇంకా ఎదుగుతాడా, లేక ఇంతేనా అనే ప్రశ్న ఏటా నవంబరులో ముదురుతుంది. అప్పటికి రెగ్యులర్ సీజన్‌లోని పన్నెండు ఆటలూ ముగింపుకొస్తాయి. కోల బంతిని చేతుల్లో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ గురించే ఇక్కడ చెప్పుకుంటున్నది. జవాబు చెప్పాల్సినవాడు యూనివర్సిటీ క్రీడా విభాగానికి అధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టర్. ఆ జవాబు తప్పితే నష్టం చిన్నది కాదు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2017 చివర్లో జింబో ఫిషర్‌ను పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకుంది. 2020 సీజన్‌లో జట్టు తొమ్మిది గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఉత్సాహంలో 2021లో ఒప్పందాన్ని పొడిగించారు. 2023 నవంబరులో అతన్ని తొలగించినప్పుడు మిగిలిన కాలానికి 7.5 కోట్ల డాలర్లకు మించి చెల్లించాల్సి వచ్చింది. పొడిగింపు నాటి నమ్మకం ఒక్కటే: ఈ మనిషి ఇంకా పైకి వెళ్తాడని.

జట్టు గెలుపులు పెరగడం వేరు, కోచ్ తన పనిలో మెరుగుపడటం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే ఎక్కువ తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి. అందుకని ముందు హెడ్ కోచ్ పని ఏమిటో విడదీసి చూడాలి. అతను బంతి ముట్టుకోడు. చాలాచోట్ల ఏ క్షణాన ఏ ప్లే ఆడాలో కూడా అతను చెప్పడు, దాన్ని ఆఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్లు చూసుకుంటారు. సహాయకులను ఎంచుకోవడం, ఆటగాళ్ళను చేర్చుకుని నిలుపుకోవడం, వారంలో ఇరవై గంటలకు మించకూడని సాధన సమయాన్ని సద్వినియోగం చేయడం, ఆట నడుస్తుండగా కొన్ని పెద్ద నిర్ణయాలు తీసుకోవడం అతని బాధ్యత. చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో ముందుకెళ్ళాలా, బంతిని కిక్ చేసి ఇచ్చేయాలా, టైమవుట్ ఎప్పుడు వాడాలి వంటివి ఆ పెద్ద నిర్ణయాలు. ఒకే మనిషి వీటిలో ఒకదానిలో ఏళ్ళ తరబడి మెరుగుపడుతూ, మరోదానిలో మొదటి రోజు ఎక్కడున్నాడో అక్కడే ఉండిపోవచ్చు. కాబట్టి ‘ఎదుగుతాడా’ అని గంపగుత్తగా అడగకుండా, దేనిలో తక్కువగా ఉన్నాడు, ఆ లోటు నేర్చుకుంటే తీరేదా అని అడగాలి.

గెలుపోటముల పట్టిక ఈ ప్రశ్నకు సరైన సాక్షి కాదు. పన్నెండు ఆటలంటే చాలా తక్కువ. వాటిలో ఎనిమిది పాయింట్లలోపు తేడాతో తేలేవి, అంటే ఒక్క స్కోరుతో తారుమారయ్యేవి, ఎప్పుడూ కొన్ని ఉంటాయి. నేలమీద పడిన బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది చాలావరకు అదృష్టమే. ఒక ఏడాది దగ్గరి ఆటలన్నీ ఓడిన జట్టు మరుసటి ఏడాది ఏమీ మార్చుకోకుండానే సగం గెలవడం మామూలే. ఆ గెలుపులను కోచ్ ఎదుగుదలగా లెక్కవేస్తే అంచనా మొదట్లోనే పక్కదారి పడుతుంది.

అయితే దురదృష్టం అనే వివరణకు కూడా ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో నెబ్రాస్కాలో స్కాట్ ఫ్రాస్ట్ ఉదంతం చూపిస్తుంది. అతను అక్కడి పాత క్వార్టర్‌బ్యాక్. 2015లో పన్నెండు ఆటలూ ఓడిన సెంట్రల్ ఫ్లోరిడా జట్టును చేపట్టి, 2017లో 13-0 దాకా తీసుకెళ్ళిన కోచ్. 2018లో సొంత యూనివర్సిటీకి వచ్చాడు. 2021లో నెబ్రాస్కా మూడు గెలిచి తొమ్మిది ఓడింది. ఆ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో ఓడింది కాదు. సీజన్ మొత్తంమీద చూస్తే ప్రత్యర్థుల కంటే నెబ్రాస్కాయే ఎక్కువ పాయింట్లు చేసింది. లెక్కలు తెలిసినవారికి ఇది శుద్ధ దురదృష్టంలా కనిపించింది, వచ్చే ఏడు తప్పక సర్దుకుంటుందన్న మాట వినిపించింది. యూనివర్సిటీ అతని జీతం తగ్గించి మరో అవకాశం ఇచ్చింది. అతను ఆఫెన్స్ వైపు నలుగురు సహాయకులను తీసేసి కొత్తవాళ్ళను తెచ్చుకున్నాడు.

2022 మొదటి ఆట ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద జరిగింది. మూడో క్వార్టర్‌లో నెబ్రాస్కా పదకొండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆ దశలో ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ చేయించాడు. వెనకబడి, సమయం అయిపోతున్న జట్లు బంతిని వెంటనే తిరిగి దక్కించుకోవడానికి వాడే పొట్టి కిక్ అది. బంతి ప్రత్యర్థికి చిక్కింది. ఆట 31-28తో చేజారింది. ఆ ఏడాది నార్త్‌వెస్టర్న్ గెలిచింది అదొక్క ఆటే. రెండు వారాల తర్వాత జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడగానే ఫ్రాస్ట్ ఉద్యోగం పోయింది. అప్పటికి ఒక్క స్కోరు తేడాతో తేలిన ఆటల్లో అతని లెక్క ఐదు గెలుపులు, ఇరవై రెండు ఓటములు.

పదీ పన్నెండు దగ్గరి ఓటములను అదృష్టం ఖాతాలో వేయవచ్చు, ఇరవై రెండింటిని వేయలేం. దీనికంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. డబ్లిన్‌లో దెబ్బతీసింది పాత సహాయకులూ కాదు, కొత్త సహాయకులూ కాదు. ఆట చేతిలో ఉన్నప్పుడు అక్కరలేని తెగింపు చూపింది స్వయంగా హెడ్ కోచే. చుట్టూ ఉన్నవాళ్ళు మారారు, ఆట మధ్యలో నిర్ణయం తీసుకునే అలవాటు మారలేదు. కాబట్టి దగ్గరి ఓటముల జాబితా ముందు పెట్టుకున్నప్పుడు ఎన్ని అన్న లెక్కతో సరిపెట్టకూడదు. ఒక్కొక్కటీ ఎలా పోయిందో రాసుకోవాలి. ఒక ఆటలో కిక్కర్ తప్పాడు, మరోదానిలో క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు, ఇంకోదానిలో రిఫరీ నిర్ణయం ఎదురుతిరిగింది అంటే కారణాలు చెదిరి ఉన్నట్టు. అక్కడ ఓపిక పట్టవచ్చు. కిక్‌ల సమయంలో దిగే స్పెషల్ టీమ్స్‌లో అదే లోపం, చివరి రెండు నిమిషాల్లో అదే గందరగోళం మూడేళ్ళుగా కనిపిస్తుంటే దానికి అదృష్టంతో పనిలేదు.

ఇదే జాగ్రత్త గెలుపు విషయంలోనూ కావాలి, నిజానికి అక్కడ ఇంకా ఎక్కువ కావాలి. జీన్ చిజిక్ అయోవా స్టేట్‌లో ఐదు గెలిచి పంతొమ్మిది ఓడాక ఆబర్న్‌కు వచ్చాడు. 2010లో ఆబర్న్ పద్నాలుగుకు పద్నాలుగూ గెలిచి జాతీయ విజేత అయింది. రెండేళ్ళకే, 2012లో, 3-9కి పడిపోయి అతన్ని తొలగించింది. మధ్యలో జరిగిందేమిటంటే, 2010 జట్టును భుజాన మోసిన క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ ఆ ఒక్క సీజన్‌తో వెళ్ళిపోయాడు. మరో ఏడాదికి ఆఫెన్స్ నడిపిన గస్ మాల్జాన్ కూడా వెళ్ళాడు. వాన కుదిరిన ఏడాది పంటను బట్టి సేద్యగాడి పనితనం లెక్కగట్టలేనట్టే, అసాధారణ ఆటగాడున్న సీజన్‌ను బట్టి కోచ్ ఎదిగాడని చెప్పలేం.

ఎడ్ ఆర్జరాన్ సంగతి ఇంత తేలిక కాదు. మిసిసిపీ యూనివర్సిటీలో మూడేళ్ళలో పది గెలిచి పాతిక ఓడిన ఆర్జరాన్, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో 2019లో 15-0తో జాతీయ విజేతగా నిలిచాడు. అతను నిజంగానే కొంత ఎదిగాడు. అన్నీ తానే అరిచి చేయించే పద్ధతి వదిలి, పని తెలిసినవాళ్ళకు పని అప్పగించడం నేర్చుకున్నాడు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీని రప్పించి పాసింగ్ ఆటను మార్చాడు. కానీ సీజన్ ముగియగానే బ్రేడీ, డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా, క్వార్టర్‌బ్యాక్ జో బరో ముగ్గురూ వెళ్ళిపోయారు. 2020లో జట్టు 5-5 దగ్గర ఆగింది, 2021 చివరికి అతని కథ ముగిసింది. మంచివాళ్ళను ఒకసారి ఎంచుకోవడం, వాళ్ళు పోయిన ప్రతిసారీ మళ్ళీ అంత మంచివాళ్ళను ఎంచుకోవడం రెండు వేరువేరు నైపుణ్యాలు. ఆర్జరాన్ మొదటిది సాధించాడు, రెండోది సాధించలేదు. ఒక కోచ్ మెరుగుదల ఎవరి పేరుమీద నిలబడి ఉందో కనిపెట్టి, ఆ మనిషి లేకపోతే ఏం మిగులుతుందో చూడాలి.

ఇంతవరకూ చెప్పినవి మోసపోకుండా ఉండటానికి. ఎదుగుదలను నిలకడగా పట్టిచ్చే గుర్తు మరొకటుంది: ఆ కోచ్ ఏం వదులుకున్నాడు? కొత్తగా ఏం చేరుస్తానన్నాడో చెప్పడం సులువు. తనకు అలవాటైనదాన్ని, తనకు పేరు తెచ్చినదాన్ని, తనకు దగ్గరివాళ్ళను వదులుకోవడం కష్టం. మారినవాళ్ళ చరిత్రల్లో ఈ కష్టం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది.

వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ 1987లో హెడ్ కోచ్ అయ్యాడు. అంతకు ముందరి కోచ్ హయాంలో జరిగిన ఉల్లంఘనలకు కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ వేసిన శిక్ష వల్ల స్కాలర్‌షిప్‌లు తగ్గిన జట్టు అతని చేతికొచ్చింది. మొదటి ఆరు సీజన్లలో ఇరవై నాలుగు గెలిచి నలభై ఓడాడు, రెండు డ్రా. ఆరో ఏడు, 1992లో, ఫలితం 2-8-1. ఆరేళ్ళ తర్వాత ఇలాంటి పట్టికతో కోచ్‌ను ఉంచుకోవడం ఈ రోజుల్లో ఊహకందదు. అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రేన్ అతన్ని ఉంచాడు. కానీ ఉన్నది ఉన్నట్టుగా కాదు, సహాయక బృందం మారాలన్నాడు. బీమర్ తనతో నడిచినవాళ్ళలో పలువురిని పంపించి డిఫెన్స్‌ను మార్చాడు. 1993లో జట్టు 9-3 సాధించి, సీజన్ తర్వాత ఎంపికైన జట్లు ఆడే బౌల్ ఆట గెలిచింది. అక్కడినుంచి అతను 2015లో విరమించేదాకా ఏటా, వరసగా ఇరవై మూడు సీజన్లు, బౌల్ ఆటకు అర్హత సంపాదించింది. 1999 సీజన్‌లో జాతీయ టైటిల్ ఆట దాకా వెళ్ళింది. 1992లో గెలుపుల పట్టికలో ఈ భవిష్యత్తు ఆనవాలు లేదు. బ్రేన్ గమనించింది వేరే: శిక్ష వల్ల వచ్చిన లోటు తీరుతోంది, ఆటగాళ్ళు కోచ్‌ను వదిలేయలేదు, కోచ్ మార్పుకు ఒప్పుకుంటున్నాడు.

నోటర్ డేమ్‌లో బ్రయన్ కెల్లీ 2016లో 4-8తో ముగించినప్పుడు ఏడేళ్ళ అనుభవం ఉన్నవాడు, జాతీయ టైటిల్ ఆట దాకా వెళ్ళొచ్చినవాడు. ఆ శీతాకాలం అతను ఆటగాళ్ళతో విడివిడిగా కూర్చుని మాట్లాడాడు. వేక్ ఫారెస్ట్ నుంచి మైక్ ఎల్కోను డిఫెన్స్‌కు తెచ్చాడు. బలం పెంచే శిక్షణకు కొత్త మనిషిని పెట్టాడు. ఆఫెన్స్ ప్లేలు చెప్పే పని చిప్ లాంగ్‌కు అప్పగించాడు. ఆఫెన్స్ మీద పట్టుతోనే పైకొచ్చిన కోచ్‌కు ఆ చివరిది తేలిక కాదు. తర్వాతి ఐదు సీజన్లలో ప్రతిదానిలోనూ పదికి తక్కువ కాకుండా గెలిచాడు. అదే కెల్లీ తర్వాత ఎల్‌ఎస్‌యూకు వెళ్ళి, 2025 అక్టోబరులో సీజన్ మధ్యలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఒకచోట ఎదిగిన మనిషి మరోచోట అదే వేగంతో ఎదుగుతాడన్న హామీ లేదు.

మిషిగన్‌లో జిమ్ హార్బా ఉదాహరణను జాగ్రత్తగా వాడుకోవాలి. ఒహాయో స్టేట్ మీద ఐదుసార్లు ఆడి ఐదూ ఓడిన హార్బా, 2020లో 2-4తో ముగించాక, మూల వేతనం సగానికి తగ్గే ఒప్పందానికి ఒప్పుకున్నాడు. డిఫెన్స్ కోఆర్డినేటర్‌ను మార్చి బాల్టిమోర్ రేవెన్స్ నుంచి మైక్ మెక్‌డొనాల్డ్‌ను తెచ్చాడు. 2021లో ఒహాయో స్టేట్‌ను 42-27తో ఓడించాడు, 2023లో 15-0తో జాతీయ విజేత అయ్యాడు. అయితే ఆ కాలంలోనే ప్రత్యర్థుల సంకేతాలను నిబంధనలకు విరుద్ధంగా సేకరించిన వ్యవహారం బయటపడి మిషిగన్‌పై చర్యలు వచ్చాయి. అతను మారాడన్నది నిజం. గెలుపుల్లో ఆ మార్పు వాటా ఎంతో మాత్రం ఇదమిత్థంగా తేల్చలేం.

వయసు ఇందులో పెద్ద అడ్డంకి కాదు. నెబ్రాస్కాలో టామ్ ఆజ్బర్న్ వరసగా ఏడు బౌల్ ఆటలు ఓడాడు, వాటిలో ఎక్కువ ఫ్లోరిడా స్టేట్, మయామీ జట్ల వేగం ముందు. అతను డిఫెన్స్ అమరికను ఐదుగురి ముందు వరస నుంచి నలుగురి వరసకు మార్చాడు, బరువు కంటే వేగం ఉన్నవాళ్ళను వెతికాడు. మొదటి జాతీయ టైటిల్ 1994లో, హెడ్ కోచ్‌గా ఇరవై రెండో సీజన్‌లో, యాభై ఏడేళ్ళ వయసులో వచ్చింది. తర్వాతి మూడేళ్ళలో మరో రెండు గెలిచాడు. అలబామాలో నిక్ సేబన్ వేగంగా సాగే ఆఫెన్స్‌లను 2012లో బహిరంగంగా తప్పుపట్టాడు, 2014లో లేన్ కిఫిన్‌ను తెచ్చుకుని తానే ఆ దారికి మళ్ళాడు. అప్పటికే నాలుగు టైటిళ్ళు గెలిచిన అరవై రెండేళ్ళ కోచ్ తన నమ్మకాన్ని అలా పక్కనపెట్టడం ఈ ఆటలో అరుదైన విషయం, గౌరవించాల్సిన విషయం.

డాబో స్వినీ క్లెమ్సన్ చరిత్రలో రెండు దిశలూ ఉన్నాయి. అంతకుముందు కోఆర్డినేటర్‌గా కూడా పనిచేయని రిసీవర్స్ కోచ్ అతను. 2008 అక్టోబరులో తాత్కాలికంగా జట్టు అతని చేతికొచ్చింది. 2010లో 6-7 రాగానే ఆఫెన్స్ కోఆర్డినేటర్‌ను తీసేసి, కాలేజీ స్థాయిలో ఒక్క సీజన్ మాత్రమే పనిచేసిన చాడ్ మోరిస్‌ను తెచ్చాడు. 2011లో ఇరవై ఏళ్ళ తర్వాత క్లెమ్సన్ తన కాన్ఫరెన్స్ గెలిచింది, కానీ ఆరెంజ్ బౌల్‌లో వెస్ట్ వర్జీనియా చేతిలో 70-33తో చిత్తయింది. వెంటనే డిఫెన్స్‌కు ఒక్లహోమా నుంచి బ్రెంట్ వెనబల్స్ వచ్చాడు. 2016, 2018 సీజన్ల టైటిళ్ళకు పునాది ఆ రెండు నిర్ణయాలు. రెండూ బయటినుంచి, తనకు తెలియని విద్య తెలిసినవాళ్ళను తెచ్చుకున్న నిర్ణయాలు. 2021 చివర్లో అప్పటి ఇద్దరు కోఆర్డినేటర్లూ హెడ్ కోచ్‌లుగా వెళ్ళినప్పుడు మాత్రం స్వినీ లోపలివాళ్ళకే ఆ పదవులిచ్చాడు. వాళ్ళలో ఆఫెన్స్ కోఆర్డినేటర్‌ను ఏడాదికే మార్చాల్సి వచ్చింది. ఆటగాళ్ళు ఒక యూనివర్సిటీ నుంచి మరోదానికి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌కు కూడా అతను చాలా ఏళ్ళు దాదాపు దూరంగానే ఉన్నాడు. 2025లో దేశంలో నాలుగో ర్యాంకుతో మొదలైన జట్టు రెగ్యులర్ సీజన్‌ను 7-5తో ముగించింది. నేర్చుకునే శక్తి ఒకసారి రుజువైతే జీవితాంతం ఉంటుందనుకోవడం పొరపాటు. రెండు టైటిళ్ళు ఇచ్చిన పద్ధతిని వదలడం, 6-7 ఇచ్చిన పద్ధతిని వదలడం కంటే ఎంతో కష్టం.

పోర్టల్ వచ్చాక అంచనా మరింత చిక్కుబడింది. 2021 నుంచి ఆటగాళ్ళు ఒకసారి మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేకపోయింది, అదే ఏడాది జులై నుంచి తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకునే వీలొచ్చింది, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లిస్తున్నాయి. 2023లో 3-9తో ఉన్న ఇండియానా, కర్ట్ సిగ్నెటీ వచ్చిన మొదటి ఏడే 11-2 సాధించింది. జట్టును నిలబెట్టడానికి కోచ్‌కు ఐదేళ్ళు కావాలన్న పాత వాదన దీంతో బలహీనపడింది. మరోవైపు, ఒక శీతాకాలంలో ముప్ఫైమంది కొత్త ఆటగాళ్ళు వస్తే, మరుసటి ఏటి మెరుగుదల కోచ్‌దా, కొత్తగా వచ్చినవాళ్ళదా అన్నది తెలియదు. అందుకే పాత ఆటగాళ్ళను విడిగా చూడాలి. ఇదే కోచ్ చేతికింద రెండు, మూడేళ్ళు ఉన్న లైన్‌మన్ మొదటి ఏటికంటే బాగా ఆడుతున్నాడా? ఒకే స్థానంలో వరసగా ముగ్గురు ఆటగాళ్ళు ఎదుగూ బొదుగూ లేకుండా పోతే ఆ స్థానపు సహాయకుడిని, అతన్ని ఇన్నాళ్ళు ఉంచుకున్న హెడ్ కోచ్‌ను అడగాలి.

పెద్ద ఆటల మాట తప్పనిసరిగా వస్తుంది. పెన్ స్టేట్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్ మొదటి పది ర్యాంకుల జట్ల మీద నాలుగు గెలిచి ఇరవై ఒకటి ఓడాడు. 2024 సీజన్‌లో జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్ళినా, 2025 అక్టోబరులో వరసగా మూడు ఓటములతో ఉద్యోగం పోయింది. పాతిక ఆటల లెక్క గట్టి సాక్ష్యమే. కానీ ఒక్క ప్రత్యర్థి మీద ఓటమిని అంత బరువుగా చూడకూడదు. 2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో, ఆ ప్రత్యర్థి మీద వరసగా నాలుగోసారి ఓడింది. రయన్ డేను తీసేయాలన్న కేకలు లేచాయి. ఆ ఆటలో జట్టు కిక్కిరిసిన మధ్య భాగంలోకే పదేపదే పరుగెత్తింది. మూడు వారాల తర్వాత టెనెసీ మీద మొదటి నుంచీ బంతిని రిసీవర్లకు విసిరి 42-17తో గెలిచింది, జనవరి 20న నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేత అయింది. ఓటమి తర్వాతి ఆటలో ఏం మారిందో చూడకుండా ఆ ఓటమి మీద తీర్పు చెప్పకూడదు.

ఇవన్నీ కాగితం మీద చేసే పని. సీజన్ ముగిశాక అథ్లెటిక్ డైరెక్టర్ కోచ్‌తో కూర్చునే సమావేశం ఇంకా విలువైంది, దాన్ని చాలామంది జీతం మాటలతో వృథా చేస్తారు. అక్కడ అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ ఏడాది మీరు తీసుకున్న నిర్ణయాల్లో మళ్ళీ అవకాశమొస్తే మార్చుకునేవి ఏవి? మీ సిబ్బందిలో మీతో విభేదించేవాళ్ళు ఎవరు, చివరిసారి ఎప్పుడు వాళ్ళ మాట విన్నారు? వచ్చే ఏడు మీరు స్వయంగా చేయడం మానేసే పని ఏది? జవాబుల్లో పేర్లు, ఆటలు, క్వార్టర్లు వినిపిస్తే ఆ మనిషి పోయిన ఆటలను మళ్ళీ కూర్చుని చూశాడని అర్థం. ‘ఇంకా కష్టపడతాం’, ‘కుర్రాళ్ళు పట్టుదలగా ఉన్నారు’ అన్నంతలోనే ఆగిపోతే లోపం ఇంకా అతనికి కనబడలేదన్నమాట. గాయాలు, షెడ్యూలు, రిఫరీలు ఆ వరసలో ముందుకొస్తే ఇంకా జాగ్రత్తపడాలి. ఈ జవాబులను వేరేచోట సరిచూసుకోవాలి. ఆ ఏడాది వెళ్ళిపోయిన సహాయకులు, చివరి ఏడాది ఆడి వెళ్తున్న ఆటగాళ్ళు, గాయాలు చూసే ట్రైనర్లు నిజం చెప్పడానికి భయపడక్కరలేనివాళ్ళు.

కోచ్ వదులుకుంటానని ఒప్పుకున్నదాన్ని రాతలో పెట్టించడం మంచిది. మాటగా ఉండిపోతే సెప్టెంబరులో మొదటి ఓటమి రాగానే పాత అలవాటు తిరిగొస్తుంది. ఒక్కోసారి వదులుకోవడం కాక, తిరిగి చేపట్టడమే సరైన దిద్దుబాటు అవుతుంది. ఒక్లహోమాలో వెనబల్స్ 2024లో 6-7తో ముగించాక డిఫెన్స్ ప్లేలు చెప్పే పనిని మళ్ళీ తన చేతికి తీసుకున్నాడు, ఆఫెన్స్‌ను బయటినుంచి తెచ్చిన బెన్ ఆర్‌బకిల్‌కు అప్పగించాడు. 2025 రెగ్యులర్ సీజన్ 10-2తో ముగిసింది, జట్టు ప్లేఆఫ్‌కు వెళ్ళింది. తన అసలు విద్య ఏదో, తనది కానిది ఏదో తెలుసుకోవడం కూడా ఎదుగుదలే.

ఉంచాలని నిర్ణయిస్తే మళ్ళీ చూసే తేదీలు ముందే పెట్టుకోవాలి. నాలుగో ఆట తర్వాత ఒకసారి, అక్టోబరు చివర్లో ఒకసారి సరిపోతుంది. మొదటి విడతలో గెలుపులు లెక్కపెట్టనక్కరలేదు. రాసుకున్న మార్పు నిజంగా అమల్లో ఉందా, పాత జాబితాలోని తప్పు మళ్ళీ కనిపించిందా అని చూస్తే చాలు. రెండో విడతలో మొదటి అర్ధభాగంలో దెబ్బతిన్న ఆటల్లో మూడో క్వార్టర్ ఎలా సాగిందో, టైమవుట్లు చివరిదాకా మిగిలాయో, బెంచి మీదున్న కుర్రాళ్ళు ఆడేందుకు సిద్ధమయ్యారో చూడాలి. హైస్కూలు ఆటగాళ్ళు డిసెంబరు మొదట్లోనే సంతకాలు చేస్తారు, జనవరిలో పోర్టల్ తెరుచుకుంటుంది, కోచ్ మారిన జట్టు ఆటగాళ్ళకు వెళ్ళిపోవడానికి ప్రత్యేక గడువు దొరుకుతుంది. కాబట్టి మార్చక తప్పదని తేలితే నవంబరు గడిచేలోపే చెప్పాలి. అప్పుడే కొత్తగా వచ్చే కోచ్‌కు జట్టును నిలుపుకునే సమయం ఉంటుంది.